పనీపాటా లేదన్నవే పగ్గాలు పట్టాయి

మా అమ్మ జన్మలో చుట్ట ముట్టి ఎరగదు. బస్సులో పక్కసీటు మనిషి బీడీ వెలిగిస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. అలాంటి మనిషిని హైదరాబాదులో పెద్ద డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "చుట్ట తాగే అలవాటుందా అమ్మా?" అని.

ఆయన తప్పేం లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నాక అడగవలసిన ప్రశ్నే అది. కానీ అమ్మ మొహం చిన్నబోయింది. కాసేపు ఊరుకుని, "మా ఆయన తాగేవారు బాబూ. నేను పొయ్యి ఊదాను, అంతే" అంది.

ఆ 'అంతే'లో నలభై ఏళ్ళున్నాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో మా ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చేసరికి నా పెళ్ళి కూడా అయిపోయింది. అప్పటిదాకా కట్టెల పొయ్యి, ఊకపొయ్యి. వానాకాలం తడిసిన పుల్లలు అంటుకోక, ఊదుగొట్టం పట్టుకుని కళ్ళనీళ్ళు కారుస్తూ కూర్చున్న అమ్మే నాకిప్పటికీ గుర్తుకొస్తుంది. వంటయ్యాక వసారాలోకి వస్తే అక్కడ నాన్న చుట్టపొగ.

జబ్బు బయటపడ్డాక చుట్టాలు ఊరుకున్నారా? "ఏ అలవాటూ లేకుండా ఊరికే వస్తుందా?" అని ఒకరు. "ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు అడ్డపొగ పీలుస్తారు కదా, ఈవిడా చాటుగా పీల్చేదేమో" అని ఇంకొకరు. అవతలిగదిలో మంచం మీదున్న అమ్మకి ఆ మాట వినపడింది. క్యాన్సర్ కంటే ఆ మాటకే ఎక్కువ ఏడ్చింది.

అందుకే ఇది రాస్తున్నాను. పొగ తాగని ఆడవాళ్ళకీ ఈ జబ్బు వస్తుందని చెప్పడానికి ఒకటి. ఈ జబ్బు లోపల్లోపల ఎలా ముదురుతుందో శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఒక విచిత్రమైన సంగతి మీతో పంచుకోడానికి రెండోది. ఆ విచిత్రాన్ని అడ్డం పెట్టుకుని మా పొలం అమ్మించబోయిన వాళ్ళ గురించి హెచ్చరించడానికి మూడోది.

దగ్గంటే టీబీయేనా?

2017 వానాకాలంలో అమ్మకి దగ్గు మొదలైంది. తులసి కషాయం, మిరియాల పాలు అయ్యాక పట్నంలో ఒక డాక్టరుకి చూపించాం. ఎక్స్‌రేలో మచ్చ కనపడింది. "టీబీ" అన్నారు. కళ్ళె పరీక్షలో క్రిమి కనపడలేదు. అయినా మందులు మొదలుపెట్టారు. "అప్పుడప్పుడు అలాగే కనపడదు లెండి" అన్నారు. మేమూ నమ్మాం.

ఐదు నెలలు ఆ మాత్రలు మింగింది. దగ్గు తగ్గలేదు, మనిషి తగ్గింది. పైగా నడుం నొప్పి. 2018 సంక్రాంతికి అరిసెల పాకం తిప్పబోయి ఆయాసంతో పీట మీద కూలబడిపోయింది. మర్నాడే మా తమ్ముడు హైదరాబాదు తీసుకెళ్ళాడు. స్కానింగులు, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తియ్యడం, ముక్క తీసి పరీక్షకి పంపడం. అన్నీ అయ్యాక 'అడినోకార్సినోమా' అని తేల్చారు. పొగతాగని వాళ్ళలో ఎక్కువగా వచ్చే రకం అదే. అప్పటికే వెన్నెముకకి పాకింది. ఆపరేషను ప్రశ్నే లేదన్నారు.

అయితే ఒక్క మంచివార్త. ఆ ముక్క మీద జన్యుపరీక్ష చేస్తే 'ఇ.జి.ఎఫ్.ఆర్.' అనే జన్యువులో మార్పు కనపడింది. కణాన్ని 'పెరుగు, పెరుగు' అని తోసే మీట లాంటిదట అది. ఆ మీట నొక్కినట్టే ఇరుక్కుపోయింది. దాన్ని పట్టుకుని ఆపే మాత్రలున్నాయి, రోజుకొకటి. జుట్టు రాలే మందులు అక్కర్లేదు. పది రోజుల్లో దగ్గు నెమ్మదించింది. నెల తిరిగేసరికి అమ్మ పెరట్లో కనకాంబరాలు కోసుకుంటోంది.

పదమూడు నెలలు అలా నడిచింది. 2019 వేసవిలో మళ్ళీ దగ్గు. ఆ మాత్రకి జబ్బు లొంగడం మానేసిందన్నారు.

సరిగ్గా అప్పుడొచ్చింది ఫోను. మా బాబాయిగారి అబ్బాయికి తెలిసినవాళ్ళెవరో ఒక చోటు చెప్పారట. "జబ్బు అసలు మూలం ఆర్.ఎన్.ఏ.లో ఉందట అక్కా. రక్తపరీక్షతో పట్టేస్తారట. తరవాత ఆర్.ఎన్.ఏ. ఇంజెక్షన్లట. మొత్తం ఎనిమిది లక్షలు. పరీక్షకి మాత్రం ముందే కట్టాలి" అన్నాడు. వాడు అమాయకుడు, మంచికే చెప్పాడు. మా తమ్ముడు ఆ సాయంత్రమే అర ఎకరానికి బేరం పెట్టాడు.

వంటశాలలో దొడ్డమ్మ

మా అక్క కూతురు హైదరాబాదులో జీవశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. దానికి ఫోను చేశాను. "పిన్నీ, బయానా తీసుకోవద్దని మావయ్యకి చెప్పు. నేను రేపొస్తున్నా" అంది. మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో బీరకాయలు చెక్కుతూ ఇద్దరం కూర్చున్నాం. అది చెప్పిన పద్ధతి నాకంత బాగా పట్టింది కాబట్టి మీకూ అలాగే చెబుతాను.

"మావయ్య పెళ్ళిలో వంటశాల గుర్తుందా?" అని మొదలుపెట్టింది.

గుర్తు లేకేం? ఏం వండాలో, ఎంత వండాలో రాసిన పెద్ద పుస్తకం నాన్న దగ్గర ఇనప్పెట్టెలో ఉండేది. అది బయటికి రాదు. అందులోంచి ఎవరో ఒకరు చీటీ రాసి వంటవాళ్ళకి అందిస్తారు. 'బూరెలు, వెయ్యి' అని చీటీ వస్తే బూరెలు వేస్తారు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇదే జరుగుతుందట. ఇనప్పెట్టెలో పుస్తకం డీ.ఎన్.ఏ. అందులో దాదాపు 300 కోట్ల అక్షరాలు. చీటీ ఆర్.ఎన్.ఏ. ఆ చీటీ చదివి కణం తయారుచేసే వంటకం ప్రొటీను. మన కండ, నెత్తురు, జీర్ణరసాలు, అన్నీ ఆ ప్రొటీన్ల పుణ్యమే.

మానవుడి డీ.ఎన్.ఏ.ని చాలావరకు చదవడం 2003లో పూర్తయింది. చూస్తే ప్రొటీన్ల వంటకాలు రాసిన జన్యువులు 20 వేలు మాత్రమే. పుస్తకంలో అవి ఆక్రమించిన చోటు నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. మరి మిగతా 98 పాళ్ళు? 'చెత్త డీ.ఎన్.ఏ.' అన్న మాట 1972లో సుసుము ఓనో అనే శాస్త్రజ్ఞుడి వల్ల ప్రచారంలోకి వచ్చింది. చాలా ఏళ్ళు ఆ మాటే నిలిచింది. ఆ భాగంలోంచీ ఆర్.ఎన్.ఏ. చీటీలు బోలెడు తయారవుతున్నాయి. కానీ వాటిని చదివి ఏ ప్రొటీనూ వండరు. ఏమీ వండని చీటీ ఎందుకు? పనికిరానిదే కదా అనుకున్నారు.

నాకు చటుక్కున 1991 జనాభా లెక్కలు గుర్తొచ్చాయి. లెక్కలాయన వచ్చి "అమ్మగారేం చేస్తారండీ?" అంటే, అరుగు మీంచి నాన్న "ఏం చేస్తుంది? ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆయన 'పని లేదు' అని రాసుకున్నాడు. లోపల అమ్మ రెండు గేదెల పాలు పితికి, పద్నాలుగు మందికి వండి, కూలీలకి సద్ది కట్టి, అప్పుడే చెయ్యి కడుక్కుంటోంది.

ఆ మాట చెబితే మా పిల్ల పకపకా నవ్వింది. "సరిగ్గా అంతే పిన్నీ! పెళ్ళి వంటశాలలో మీ దొడ్డమ్మ ఏం చేసింది చెప్పు?"

మా దొడ్డమ్మ గరిటె ముట్టుకోలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కానీ ఎన్ని బూరెలయ్యాయో ఆవిడకి తెలుసు. ఇక చాలనుకోగానే ఆ చీటీ లాక్కుని బొడ్లో దోపుకునేది. అంతటితో బూరెలు ఆగేవి. ఆవిడ లేకపోతే వంటవాళ్ళు తెల్లార్లూ బూరెలే వేసేవాళ్ళు. నూనంతా ఐపోయేది, పప్పుకి పోపు ఉండేది కాదు.

కణంలో అలాంటి దొడ్డమ్మలే 'ప్రొటీను తయారుచెయ్యని ఆర్.ఎన్.ఏ.లు'. వీటిలో బుల్లివి మైక్రో ఆర్.ఎన్.ఏ.లు. ఇరవై రెండు అక్షరాల పొడవుంటాయంతే. అవి వంట చీటీకి అతుక్కుని దాన్ని చదవనివ్వవు, లేదా చింపించేస్తాయి. రెండువందల అక్షరాలు దాటిన పొడుగువీ ఉన్నాయి. వాటిలో కొన్ని కొట్టుగది తాళాలు పట్టుకున్న ఇంటావిడ లాంటివి. ఏ పేజీ తెరవాలో, ఏ సామాను బయటికి తియ్యాలో వాటి చేతిలో ఉంటుంది. గుండ్రంగా చుట్టుకున్నవి మరికొన్ని. పెళ్ళిలో దొడ్డమ్మ పక్కన చేరి కబుర్లలో పెట్టేసే చుట్టాలుంటారు చూడండి, అలా ఇవి మైక్రో ఆర్.ఎన్.ఏ.లకి అతుక్కుని పని చెయ్యనివ్వవు. అప్పుడు ఆగవలసిన చీటీ ఆగదు. ఈ గుండ్రటివి మైక్రో ఆర్.ఎన్.ఏ.లని పట్టి ఉంచగలవని 2013లో తెలిసింది.

పురుగు చెప్పిన రహస్యం

ఈ దొడ్డమ్మల్ని మొదట పట్టించింది ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్కున్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల బృందాలు ఆ పురుగు ఎదుగుదలని పరిశీలిస్తూ 'లిన్-4' అనే బుల్లి ఆర్.ఎన్.ఏ. సంగతి బయటపెట్టాయి. అది ఏ ప్రొటీనూ చెయ్యదు, వేరే జన్యువు చీటీని అణచిపెడుతుంది. ఆంబ్రోస్ బృందం ప్రచురించిన పరిశోధనలో మొదటి పేరు రొసాలిండ్ లీ అనే ఆవిడది, ఆయన భార్య. రెండో పేరూ ఆడవాళ్ళదే, రోండా ఫైన్‌బామ్.

పురుగుల సంగతి మనకెందుకులే అనుకుని ఏడేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రువ్కున్ బృందం 'లెట్-7' అనే ఇంకోదాన్ని పట్టుకుంది. చూస్తే అది పురుగులోనే కాదు, ఈగలో, చేపలో, మనిషిలో కూడా అచ్చంగా అదే! అప్పుడు కదిలింది ప్రపంచం. మనిషిలో ఇలాంటి మైక్రో ఆర్.ఎన్.ఏ. జన్యువులు వెయ్యికి పైగా ఉన్నాయని ఇవాళ తెలుసు.

"ఇదంతా సరేనే, అమ్మమ్మ ఊపిరితిత్తికీ దీనికీ సంబంధమేమిటి?" అన్నాను. అది చెప్పింది.

జబ్బు మూడు మెట్లు

క్యాన్సర్ ఒక్కరోజున ఊడిపడేది కాదు. పొగ వల్లనో, గాలిలోని కాలుష్యం వల్లనో, ఒక్కోసారి ఏ కారణమూ దొరక్కుండానో, కణంలోని డీ.ఎన్.ఏ.లో తప్పులు పడతాయి. అక్కణ్ణుంచి జబ్బు ముదరడానికి మూడు మెట్లెక్కాలి. ఆగకుండా పెరగాలి. చావవలసినప్పుడు చావకుండా ఉండాలి. ఉన్నచోటు వదిలి ఇంకోచోట కాపురం పెట్టాలి. ఈ మూడు మెట్ల దగ్గరా మన దొడ్డమ్మలున్నారు.

మొదటి మెట్టు పెరగడం. 'రాస్' అనే ప్రొటీను కణాన్ని పెరగమని తోస్తుంది. అది ఎక్కువ కాకుండా చూసేది లెట్-7. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో చాలావాటిలో ఈ లెట్-7 తగ్గిపోయి ఉంటుంది. 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆపరేషనైన 143 మంది రోగుల కణితుల్ని పరీక్షించారు. లెట్-7 బాగా తగ్గినవాళ్ళు ఆపరేషను తరవాత తక్కువకాలం బతికారు. ఆ మరుసటి ఏడాదే, లెట్-7 అణచేది రాస్ చీటీనేనని అమెరికాలో ఫ్రాంక్ స్లాక్ బృందం చూపించింది. అంటే గుమ్మంలో దొడ్డమ్మ కుర్చీ ఖాళీ అయింది, బూరెల చీటీ ఆగలేదు అన్నమాట.

రెండో మెట్టు చావకపోవడం. ఇక్కడ ఉల్టా. 'మైక్రో ఆర్.ఎన్.ఏ.-21' అనేది ఎక్కువైపోతుంది. 'ఇక పొయ్యి ఆర్పండి' అని వచ్చే చీటీలని ఇది చింపేస్తుంది. చెడిపోయిన కణం తనంతట తను చచ్చిపోవాలన్న కబురు అందదు. ఇక్కడే నేను బీరకాయ చెక్కడం ఆపేశాను. ఎందుకంటే 2009లో వచ్చిన ఒక పరిశోధన ప్రత్యేకంగా పొగతాగని వాళ్ళ ఊపిరితిత్తుల క్యాన్సర్ల మీద జరిగింది. వాళ్ళ కణితుల్లో ఈ 21వ నంబరు ఎక్కువగా ఉంది. అమ్మకున్నట్టు ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువులో మార్పున్న వాళ్ళలో మరీ ఎక్కువ. ఆ ఇరుక్కుపోయిన మీటే దీన్నీ పెంచుతోంది. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల్లో 21ని అణచి, ఇ.జి.ఎఫ్.ఆర్.ని ఆపే పదార్థం వేస్తే కణాలు ఇంకా ఎక్కువ చచ్చాయి.

"అంటే అమ్మకి మందు పనిచెయ్యకపోవడానికి ఇదే కారణమా?" అని ఆశగా అడిగాను.

"అలా అనకు పిన్నీ. గిన్నెలో కణాలు వేరు, అమ్మమ్మ వేరు. ఆ మాత్రకి లొంగకపోడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని ఇవాళే పరీక్షతో పట్టుకోవచ్చు. అది ఆఖర్న చెబుతా" అంది.

మూడో మెట్టు ఇల్లు వదలడం. ఊపిరితిత్తి లోపలిపొర కణాలు అరటిహస్తంలో పళ్ళలా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. 'చేతులు వదలండి' అన్న చీటీ వస్తే దాన్ని అణచేది 'మైక్రో ఆర్.ఎన్.ఏ.-200' అనే కుటుంబం. ఆ కుటుంబం తగ్గితే కణాలు చేతులు వదిలి రక్తంలో పడి, ఎముకకో మెదడుకో చేరతాయి. 2009లో ఎలుకల ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఈ 200 కుటుంబాన్ని పెంచి చూస్తే అవి పాకడం మానేశాయి.

పొడుగు ఆర్.ఎన్.ఏ.ల పాత్రా ఉంది. 2003లో జర్మనీలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలిదశలో ఉన్నవాళ్ళ కణితుల్ని పోల్చి చూశారు. తరవాత ఇతర చోట్లకి పాకిన వాళ్ళలో ఒక పొడుగు ఆర్.ఎన్.ఏ. ఎక్కువగా కనపడింది. ఎనిమిదివేల అక్షరాలు దాటిన ఆ మనిషికి 'మలాట్-1' అని పేరు పెట్టారు. 2013లో మనిషి క్యాన్సర్ కణాల్లోంచి దాన్ని తీసేసి ఎలుకల్లో పెడితే, కణాలు పాకడం బాగా తగ్గింది.

ఇంకేం, దాన్ని తీసేస్తే సరి అనిపిస్తుంది కదూ? నాకూ అనిపించింది. కానీ 2018లో రొమ్ము క్యాన్సర్ మీద చేసిన ఎలుకల ప్రయోగంలో ఇదే మలాట్-1 జబ్బు పాకకుండా అడ్డుపడుతోందని తేలింది! ఒక ఇంట్లో తగవు పెట్టిన మనిషే ఇంకో ఇంట్లో తగవు తీర్చినట్టు. ఏ అవయవంలో, ఏ దశలో ఉందో చూడకుండా ఒక ఆర్.ఎన్.ఏ.కి మంచిదనో చెడ్డదనో ముద్ర వెయ్యడం కుదరదు.

మరి మందేది?

ఎనిమిది లక్షల ప్రశ్న అదే. మా పిల్ల కాగితం తీసి వరసగా రాసింది.

ఎలుకల సంగతి బాగానే ఉంది. 2008లో లెట్-7ని ఎలుకల ముక్కుద్వారా ఊపిరితిత్తుల్లోకి పంపితే కణితులు తగ్గాయి. మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ మారింది. 'మైక్రో ఆర్.ఎన్.ఏ.-34' అని క్యాన్సర్‌ని అదుపులో పెట్టేది ఒకటుంది. దాని నకలుని కొవ్వు బుడగల్లో పెట్టి, 2013 నుంచి రకరకాల క్యాన్సర్లు ముదిరిన 85 మందికి ఎక్కించారు. మనుషుల్లో క్యాన్సర్‌కి మైక్రో ఆర్.ఎన్.ఏ. నకలుతో జరిగిన మొదటి ప్రయోగం అదే. ముగ్గురికి కణితులు కొంత తగ్గాయి. కానీ ఒంట్లో రోగనిరోధక శక్తి తిరగబడి నలుగురు చనిపోయారు. 2016లో ప్రయోగం ఆపేశారు. ఒక దొడ్డమ్మ ఒక్క చీటీనే చూసుకోదు, వందలకొద్దీ చీటీల మీద ఆవిడ చెయ్యి ఉంటుంది. ఆవిణ్ణి ఇంకో ఇంటికి పంపితే అక్కడేం అవుతుందో చెప్పడం కష్టం.

రక్తపరీక్ష సంగతో? అందులో నిజం కొంత ఉంది. మైక్రో ఆర్.ఎన్.ఏ.లు రక్తంలో చెడిపోకుండా నిలుస్తాయని 2008లో తెలిసింది. ఇటలీలో మిలాన్ నగరంలో గాబ్రియెల్లా సోజ్జీ అనే శాస్త్రజ్ఞురాలి బృందం 24 మైక్రో ఆర్.ఎన్.ఏ.లతో ఒక పరీక్ష తయారుచేసింది. 2014లో ఫలితాలు వచ్చాయి. అయితే ఆ పరీక్ష బాగా సిగరెట్లు తాగేవాళ్ళలో, స్కానింగుతో కలిపి, జబ్బు తొలిదశలో పట్టడానికి. స్కానింగులో అనవసరపు అనుమానాలు బాగా తగ్గాయి. అంతేగాని, క్యాన్సర్ ఉందని తేలిపోయిన మా అమ్మకి ఏ మందివ్వాలో అది చెప్పదు.

"ఈ రోజున ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ప్రొటీను తయారుచెయ్యని ఆర్.ఎన్.ఏ. మందు ఆమోదం పొందింది ఒక్కటీ లేదు పిన్నీ. పరిశోధన నిజం, అమ్మకం అబద్ధం" అంది.

2019లో అన్న ఆ మాట నేనిది రాసే నాటికీ నిజమే.

మేం చేసిన పని

పొలం అమ్మలేదు. మా తమ్ముడు రెండురోజులు నాతో మాట్లాడలేదు. "అమ్మకోసం అర ఎకరం ఎక్కువైందా నీకు?" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఇల్లాలిగా పైసా పైసా చూసుకునే అలవాటుతో నేను లెక్కలు వేశానేమోనని రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

మా పిల్ల ఆఖర్న చెబుతానన్న పరీక్ష చేయించాం. మొదటితరం మాత్రలకి లొంగడం మానేసిన కణితుల్లో సుమారు సగం కేసుల్లో ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువులోనే ఇంకో కొత్త మార్పు వస్తుంది. దాన్ని రక్తంలోనైనా, మళ్ళీ తీసిన ముక్కలోనైనా చూడొచ్చు. ఇది ఆర్.ఎన్.ఏ. కాదు, డీ.ఎన్.ఏ. పరీక్ష. ఫలితాన్నిబట్టి ఇవ్వవలసిన మందు ఉన్న పరీక్ష. అమ్మకి ఆ మార్పు కనపడింది. దానికి పనిచేసే ఆసిమెర్టినిబ్ అనే మాత్ర 2015లో అమెరికాలో ఆమోదం పొంది, మన దేశానికీ వచ్చింది. అమ్మ సగం పొలం ఖర్చు కాకుండానే ఆ మాత్ర మింగింది. కంపెనీ రాయితీకి దరఖాస్తు పెట్టే దారి ఆసుపత్రి సిబ్బందే చూపించారు.

ఏడాదిన్నర బతికింది. కరోనా రోజుల్లో బస్సుల్లేక, మాత్రల కోసం తమ్ముడు మోటారుసైకిలు మీద ఏలూరు, విజయవాడ తిరిగాడు. 2021 మాఘమాసంలో వెళ్ళిపోయింది. పోయే ముందు వారం నన్ను పిలిచి, "నేను తాగలేదని ఆ పిల్లచేత అందరికీ చెప్పించావు. చాలే" అంది.

2024 అక్టోబరులో మా పిల్ల ఫోను చేసింది. "పిన్నీ, ఆ పురుగులవాళ్ళకి నోబెల్ వచ్చింది!" నిజమే, ఆంబ్రోస్, రువ్కున్‌లిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి. రొసాలిండ్ లీ పేరు బహుమతిలో లేదు. ఆయన భార్యే ఆ పరిశోధనలో మొదటి పేరని మాత్రం నోబెల్ సంస్థవారు ఫొటో కింద రాశారట. అమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "ఫొటో అయినా వేశారు, నయం" అనేది.

మీకో మాట

కట్టెల పొగ క్యాన్సర్‌కి కారణం కావచ్చనీ, ఇంట్లో బొగ్గు కాల్చిన పొగ కచ్చితంగా కారణమేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెప్పింది. బయటి కలుషితమైన గాలినీ 2013లో ఆ 'కచ్చితమైన' జాబితాలోనే చేర్చింది. ఇంట్లో మగవాళ్ళు తాగే చుట్టపొగ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి 'మనకేం అలవాట్లున్నాయి గనక' అని ధీమాగా ఉండకండి. ఇప్పటికీ పెరట్లో నీళ్ళపొయ్యి మీద కాచుకునేవాళ్ళు పొగ బయటికి పోయే చోట పెట్టుకోండి.

దగ్గు రెండు మూడు వారాలు దాటినా, కళ్ళెలో నెత్తురు జీర కనపడినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరుకి చూపించుకోండి. టీబీ అంటే ముందు టీబీ పరీక్షలే చేయించుకోవాలి, అందులో తప్పులేదు. కానీ క్రిమి కనపడకుండా, మందులు వాడినా గుణం లేకుండా ఉంటే, "ఇది ఇంకేమైనా అవుతుందా డాక్టరుగారూ?" అని అడగండి. మేం అడగలేదు. ఐదు నెలలు పోయాయి.

క్యాన్సరని తేలితే, ముఖ్యంగా పొగతాగని ఆడవాళ్ళకి, జన్యుపరీక్ష చేశారో లేదో కనుక్కోండి. మాత్ర దొరికే అవకాశం అందులోనే ఉంది.

ఎవరైనా ఆర్.ఎన్.ఏ. పరీక్షనీ, ఆర్.ఎన్.ఏ. ఇంజెక్షననీ చెబితే, మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ పరీక్ష ఫలితాన్నిబట్టి నా మందు మారుతుందా? ఈ మందుకి ప్రభుత్వ ఆమోదం ఉందా? ఇది ప్రయోగమైతే, మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? నిజమైన ప్రయోగాలు అక్కడ నమోదు కావాలి. ప్రయోగానికయ్యే ఖర్చు రోగి నెత్తిన రుద్దకూడదు. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే పర్సు తియ్యకండి, పొలం కాగితాలు అసలే తియ్యకండి.

ఇది చదువుతున్న వాళ్ళలో పదిహేను రోజులుగా దగ్గుతూ, 'ఈ పండగ పని కానీ, ఈ పిల్లాడి పరీక్షలు కానీ' అని వాయిదా వేసుకుంటున్నవాళ్ళు ఉండే ఉంటారు. మా అమ్మా అలాగే సంక్రాంతిదాకా ఆగింది. రేపే వెళ్ళండి. పొయ్యి మీదది ఒక పూట ఇంకెవరైనా చూసుకుంటారు.